టర్నర్ ఫస్ట్ క్లాస్

11-6-84
రిజల్ట్స్ వచ్చాయి. టర్నర్ ట్రేడ్‌లో నేనూ, మా ఎల్లాజీ ఇద్దరం ఫస్ట్ క్లాస్. ఇన్‌స్టిట్యూట్‌లో దండలేసి ఫొటో తీశారు. వెనకాల ఇనుప రాడ్‌ని తిప్పుతూ చెక్కే లేత్ మెషిన్. చదివిన రెండేళ్లూ దానికి మోటారు లేదు. సారు బోర్డు మీద బొమ్మేసి చెప్పేవారు, మేం రికార్డులో దింపేవాళ్లం.

నాన్న మిఠాయి పంచాడు. బూమి స్టీల్ ప్లాంటుకి పోతే పోయింది, పిల్లడి సేతిలో పనుంది అని ఊరంతా చెప్తున్నాడు.

20-6-84
భూమి పోయినవాళ్లని ప్లాంటులో ఉద్యోగాలకి ఇప్పుడప్పుడే పిలవరట.

2-7-84
ఎల్లాజీకి ఆటోనగర్‌లో పని దొరికింది. గురునాథరావు గారి వర్క్‌షాప్. మార్కులు చూసి వెంటనే రమ్మన్నారట. లేత్ నడిపావా అంటే నడిపానన్నాడట. మరేటి సెప్పమంటావు బావా అని నవ్వాడు. నేనైనా అదే చెప్పేవాణ్ణి.

5-7-84, సాయంత్రం
ఎల్లాజీకి కుడిచేతి వేళ్లు మూడు పోయాయి.

తిరుగుతున్న రాడ్‌ని గుడ్డతో తుడవబోయాడట. గుడ్డ చుట్టుకుపోయింది, దాంతోపాటు చెయ్యి. పెద్దాసుపత్రి వరండాలో వాళ్లమ్మ పోతమ్మ నేల మీద కూలబడి ఉంది. నన్ను చూసి, నువ్వూ అదే సదివినావు కదా నాయినా, తిరిగేటప్పుడు ముట్టుకోకూడదని మీకెవులూ సెప్పలేదేటి అని అడిగింది.

చెప్పారు. పరీక్షలో వచ్చింది కూడా, రెండు మార్కులకి. ఎల్లాజీ కరెక్టుగా రాశాడు. ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాను.

9-7-84
ప్రిన్సిపాల్ గారి దగ్గరికెళ్లాను. మోటారు పెట్టించండి సార్ అన్నాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. కళ్లద్దాలు తీసి మొహం తుడుచుకున్నారు. ఎప్పుడో పైకి రాశాం, రాలేదు, నన్నేం చెయ్యమంటావు అన్నారు. ఈ ఏడు సీట్లు పెరిగాయి, మీవాళ్లెవరైనా ఉంటే పంపమన్నారు.

బయట అడ్మిషన్లకి లైను. తండ్రులూ పిల్లలూ, సబ్బవరం నుంచి కూడా వచ్చారు. ఇక్కడ మెషిన్ తిరగదు, పిల్లల్ని తీసుకెళ్లిపోండి అని గట్టిగా అరిచాను. ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, గోడమీద ఫొటోలో ఫస్ట్ క్లాసు పిల్లడివి నువ్వే గదేటి అన్నాడు. అని, కొడుకుని ఇంకాస్త ముందుకి తోశాడు.

15-7-84
గురునాథరావు గారు కబురుపెట్టారు. ఆ మెషిన్ ఖాళీగా ఉందట. నాన్న వెళ్లమనలేదు, వద్దనలేదు. వెళ్లనా అని ఎల్లాజీని అడగడానికెళ్లాను. ఎళ్లు బావా అన్నాడు. కట్టున్న చెయ్యి దుప్పటి కిందకి లాక్కున్నాడు.

16-7-84
వర్క్‌షాప్‌లో లేత్ స్విచ్ దగ్గర నిలబడి, ముందు మెషిన్ ఆపడం చూపించమన్నాను. అందరూ నవ్వారు. చూపించేదాకా ముట్టుకోలేదు.