ఉమ్మడి పొగగొట్టం

మాంట్రియల్, నవంబరు

ప్రియమైన చెల్లీ జిసెల్,

నీ దగ్గరికి వచ్చేయమని ఏడాదిగా పోరుతున్నావు కదా, ఇక వచ్చేస్తానేమో. మా బిల్డింగులో పొగగొట్టాలు పగుళ్లిచ్చాయి. బాగు చేయించడమా, ఇటుకలతో మూసేయడమా అన్నది గురువారం మీటింగులో చేతులెత్తి తేలుస్తారట.

నవ్వకుండా చదువు. నా పొయ్యికీ, కింది ఇంటి ఓవిలా గారి పొయ్యికీ గొట్టం ఒకటే. ఒకరు నిప్పు రాజేస్తే పొగ రెండోవాళ్ల ఇంట్లోకి ఎగదన్నుతుంది. అందుకే ఇక్కడ పాత ఆనవాయితీ ఒకటుంది. అంటించేవాళ్లు ఇనుప ఊచతో పొయ్యి గోడ మీద మూడు దెబ్బలు కొట్టాలి. రెండోవాళ్లు తమ వైపు మూత వేసి రెండు దెబ్బలతో బదులివ్వాలి. ఆ పూట వాళ్లకిక నిప్పు లేదు.

ఆయన మెట్ల మీద ఎదురైతే మంచు సంగతి తప్ప మాట్లాడడు. రైల్వేలో చేసి రిటైరయిన మనిషి, మాటలు కూడా టిక్కెట్టు కొనుక్కునే బయటికి రావాలి. కానీ చలికాలం సాయంత్రాలు ఆ మూడు దెబ్బల కోసం ఊచ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. మూడేళ్లుగా రోజూ ఆయనే ముందు కొడతాడు. నేను శాలువా కప్పుకుని వణుకుతూ బదులిస్తాను. మీ బావ పోయాక నన్ను పలకరించే చప్పుడు అదొక్కటే. ఈ వయసులో ఇదేం పిచ్చి అంటావు. పిచ్చే. గొట్టం మూసేస్తే ఈ ఇంట్లో ఉండలేను. నాకో గది సర్దిపెట్టు.

నీ అక్క
ఒడెట్


మాంట్రియల్, డిసెంబరు

బంగారు జిసెల్,

మీటింగుకి చిమ్నీలు తోమే గాస్తోన్ వచ్చాడు. గొట్టంలోకి కెమెరా దించి చూశాడట. "పగుళ్లలోంచి విషవాయువు పడగ్గదుల్లోకి చేరుతుంది, మూసేయడమే మేలు" అన్నాడు. తర్వాత ఓవిలా గారి వైపు తిరిగి, "మీ పొయ్యి వెలిగించి ఏళ్లయినట్టుందే. పైన పిట్ట గూడు కట్టుకుంది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మరి రోజూ నాచేత మూత వేయించి చలికి చంపారేం?" అని అందరి ముందూ అడిగేశాను.

ఆయన టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ, "పొగ పడదని డాక్టరు మాన్పించాడు మేడమ్, మూడేళ్లయింది" అన్నాడు.

"మరి కొట్టడం దేనికి?"

"మీరు బదులు కొడతారని."

మీటింగు నడిపే ఉగెట్ కలం కింద పెట్టేసింది. "అంటే ఇద్దరూ నిప్పు లేకుండా వణుకుతూ గోడలు బాదుకున్నారన్నమాట" అంది. అందరూ నవ్వారు. నేను మూసేయడానికే చెయ్యెత్తాను, ఇరుగు పొరుగు ప్రాణాల కంటే నా ముచ్చట ఎక్కువ కాదుగా. ఆయనా ఎత్తాడు, నా వైపు చూడకుండా. ఇంటికొచ్చి ఏడ్చాను.

నిన్న మేస్త్రీ ఆఖరి ఇటుక పెట్టి వెళ్లాడు. చీకటి పడగానే అలవాటుగా ఊచ పట్టుకు కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు. ఎంతసేపని కూర్చోను? బఠాణీ సూపు గిన్నె తీసుకుని మెట్లు దిగి, ఆయన తలుపు మీద మూడు దెబ్బలు కొట్టాను.

లోపలి నుంచి ముందు రెండు దెబ్బలు వినిపించాయి. ఆ తర్వాతే తలుపు తెరుచుకుంది.

నాకోసం సర్దిన గదిలో నీ కుట్టుమిషను పెట్టుకో.

నీ
ఒడెట్