రెండర్థాల మాట

నవంబర్ 9, ఆదివారం
క్రేన్ సీటు ఈసారి నాకే అన్నాడు ఫోర్‌మన్. మెడికల్ ఒక్కటే మిగిలింది. ఇన్నేళ్లు ఈ పరాయి దేశంలో కింద నిలబడి, లోడుకు తాళ్లు కట్టి, పైనున్న ఆపరేటర్‌కు చేత్తో సైగలు చేయడమే పని. ఇక పైన కూర్చోవడం...
ఊళ్లో ఉన్న నా భార్య సుజాతకు ఫోన్ చేశాను. "ఎక్కేటప్పుడు దిగేటప్పుడు పైలం" అంది, అంతే. గొంతులో సంతోషం మాత్రం దాచుకోలేకపోయింది.

నవంబర్ 12
మెడికల్. చెవులు, బీపీ, షుగర్ — అన్నీ బాగున్నాయి. తర్వాత రంగు చుక్కల పుస్తకం. చుక్కల మధ్య అంకె ఉంది, చెప్పమన్నాడు డాక్టర్. నాకు చుక్కలే. పేజీ తిప్పాడు. చుక్కలే. తోచిన అంకె చెప్పాను. పుస్తకం మూసి నర్సుతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఒక్క మాట పట్టుకున్నాను — డిస్క్రిమినేట్.
ఆ మాట మా క్యాంప్ మెస్ గోడ మీద ఉంది, కింద హిందీలో అర్థంతో. దేశం చూసి, మతం చూసి ఎవరినీ తక్కువ చేయొద్దని.
నేనెవరిని తక్కువ చేశాను?

నవంబర్ 13
సీటు రాలేదు. నాకన్నా రూమ్‌మేట్ మల్లేశం ఎక్కువ మండిపడ్డాడు. "మనోళ్లంటే గాళ్లకు అలుసే అన్నా. గందుకే ఇయ్యలే." నాకూ అదే అనిపించింది. అన్నం సగంలో లేచాను.

నవంబర్ 14, శుక్రవారం
డిగ్రీ చదువుతోంది కదా అని నా బిడ్డ స్వప్ననే అడిగాను.
"దానికి రెండు అర్థాలున్నయ్ బాపూ. ఒకటి వివక్ష చూపుడు. ఇంకోటి తేడా గుర్తువట్టుడు. డాక్టర్ ఏం జూపిచ్చిండు?"
చుక్కల సంగతి చెప్పాను. మెల్లగా అడిగింది — "ఎరుపు, పచ్చ నీకు ఒక్కతీరుగ కనవడ్తయా?"
ఒక్కతీరుగానా... వేరే తీరు ఎలా ఉంటుందో నాకేం తెలుసు?
పండు మిరపకాయలు తెంపమంటే పచ్చివీ కలిపి తెంపేవాణ్ణి. "కండ్లు ఏడ వెట్టినవ్‌రా" అని అమ్మ వీపు మీద ఒక్కటేసేది. ఆమె తమ్ముడూ అంతే. మేనమామకూ నాకూ ఒళ్లు వంగదని ఊళ్లో పేరు. నేనూ నిజమే అనుకున్నాను.

నవంబర్ 17
"తాళ్ల పని కూడా బంద్ భయ్యా" అన్నాడు ఫోర్‌మన్. ఏ తాడు తనిఖీ అయిందో దానికి కట్టిన పట్టీ రంగే చెబుతుంది కాబట్టి. నేనెప్పుడూ పట్టీ మీది తేదీ ముద్ర చూసి కట్టేవాణ్ణి. ఒక్క లోడూ జారలేదు — ఆ మాట చెప్పాను. అతడు లిస్టులో నా పేరు కొట్టేశాడు.
రేపటి నుంచి యార్డు ఊడ్చే గ్రూపు.

నవంబర్ 20
ఇంజనీర్ ప్రసాద్ గారు చీపురుతో నన్ను చూసి ఆగారు. రాజమండ్రి వైపు మనిషి. సంగతి విని నవ్వారు, ఎగతాళిగా కాదు.
"నాక్కూడా అంతేనయ్యా. చిన్నప్పటి నుంచీ."
"మరి మీ మెడికల్ల, సార్?"
"ఆఫీసు వాళ్లకి ఆ పుస్తకం చూపించరు." అన్నాక ఆయనకే ఇబ్బందయింది. "స్టోర్స్‌లో ఖాళీ ఉంది. మాట్లాడతాను."
మంచి మనిషి. ఆయన తప్పేమీ లేదు. అవే కళ్లు... ఆయనకు డ్రాయింగులు, నాకు చీపురు.

నవంబర్ 23
స్టోర్స్ నుంచి కబురు లేదు.

నవంబర్ 25
స్వప్న ఎక్కడో చదివింది — ఎరుపు, పచ్చే కలిసిపోతాయట, నీలం బాగానే తెలుస్తుందట. ఇది తల్లి వైపు నుంచి వస్తుందట, నా నుంచి తనకూ చేరిందట. "నాకు రంగులన్నీ కనవడ్తయ్ గని, రేపు నాకు కొడుకైతే..." ఆపేసింది. సీటు పోయిన సంగతి అమ్మకు చెప్పమంటావా అని అడిగింది. నేనే చెప్తానన్నాను.

నవంబర్ 28, శుక్రవారం
చెప్పాలనే ఫోన్ చేశాను. నేను మొదలుపెట్టకముందే సుజాత అడిగింది.
"క్రేన్ మీదికెక్కితే సముద్రం కనవడ్తదా?"
"కనవడ్తది."
"ఏ రంగుంటది?"
నీలం అన్నాను. ఆ ఒక్కటీ అబద్ధం కాదు.