మా తీరానికి జనం కావాలని

టోంగాట్,
14 డిసెంబరు 1994.

తీర విహారశాఖ అధికారి మెర్విన్ గారి సముఖమునకు, చెరకు మిల్లులో ఫిట్టరుగా చేసి దిగిపోయిన కిష్టసామి వ్రాసుకొను అర్జీ.

విషయం: కొత్త సంవత్సరం నాడు తీరములోనికి రెండు వందల మందినే వదలవలెనన్న తమ ఉత్తరువు రద్దు గురించి.

అయ్యా,

తమరు నా అక్క కొడుకే అయినను ఈ అర్జీ అధికారి వారికే. తెలుగులో ఎందుకనగా, ఆదివారపు బడిలో తమకు అక్షరములు దిద్దించినది నేనే. చదవలేనని తప్పించుకొనుటకు వీలులేదు.

1. తీరమున రద్దీ ఎక్కువైనదని సందర్శకులు వాపోయినట్లు తమ నోటీసులో ఉన్నది. ఏ సందర్శకులు? గొడుగుకూ గొడుగుకూ నడుమ క్రికెట్ ఆడుకొనేంత చోటు ఉన్నవారు. మోకాలికి మోకాలు తగులుతూ బిర్యానీ డేగిసా చుట్టూ కూర్చునే మేము ఏనాడైనా చోటు చాలలేదన్నామా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? తీరమేమీ తమ తాతగారి ఆస్తి కాదు. ఆ తాతగారు నా తండ్రే గనుక ఆయనకేమున్నదో నాకు బాగా తెలియును.

2. తమ సర్వే పిల్ల ఫోటోలు పట్టుకొని మా ఇంటికి వచ్చినది. ఒకదానిలో తీరమున నలుగురు, ఒకదానిలో నలభైమంది, ఇంకొకదానిలో నేల ఈనినట్లు జనము. ఏది చూస్తే ఇబ్బందిగా ఉన్నదని అడిగినది. నా భార్య సరస్ నలుగురున్న ఫోటోను వేలితో దూరం నెట్టి, కిక్కిరిసిన దానిని ఒళ్లో పెట్టుకొన్నది. ఈమెకు ప్రశ్న అర్థము కాలేదని పిల్ల వ్రాసుకొని పోయినది. అర్థము కానిది ఎవరికో తమరే సెలవియ్యవలెను.

3. ఆ తీరము తెల్లజాతి వారికే అని బోర్డు ఉన్న రోజులలో, మా పెళ్లయిన కొత్తలో, ఎవరూ లేరు గదా అని మేమిద్దరము నీళ్లలోకి దిగితిమి. పోలీసువాడు కుక్కను వదిలినాడు. సరస్ తడి చీరతో చెరకు తోటల దాకా పరుగెత్తినది. ఆ బోర్డు పీకి ఏండ్లు గడిచినవి. నేటికిని ఆమె ఖాళీ ఇసుక చూచినచో కారు దిగదు. ఇప్పుడు గుండె జబ్బు. ఆ నీళ్లలో ఒక్కసారి నిలబడవలెనని ఆమె కోరిక. పోయిన వారము తమరు దయతలచి, జనం లేని పూట తీసుకొని రమ్మంటిరి. తీసుకొనిపోతిని. ఆమె కారు తలుపు వదలలేదు.

"ఎవుళూ లేరు మావా. తోలేత్తారు. పోదాం పద," అన్నది.

తమ ప్రశాంత తీరము ఆమెకు అట్లు కనబడినది. నాకు ఏడుపు వచ్చినది.

కావున సదరు ఉత్తరువు చించి, గేట్లు బార్లా తెరిపించవలెను. కుర్చీలోంచి లేచి ఒకసారి ఇసుక మీద నడిచిన పిమ్మట ఈ మనవిని చిత్తగించవలెను.

అధికారి వారికి మాత్రమే
తమ విధేయుడు,
కిష్టసామి

తా.క. ఒరేయ్ మెర్వినూ, పై కాగితం ఫైల్లో పెట్టుకో. ఇది నీకు. నిన్న డాక్టరు నన్ను పక్కకు పిలిచి, కొత్త సంవత్సరం దాకా ఆశ పెట్టుకోవద్దన్నాడు. మీ అత్తకు చెప్పలేదు. ఈ ఆదివారం పొద్దున్నే తీసుకొస్తున్నాను. నీ పెళ్లాం పిల్లల్ని, ఆఫీసు వాళ్లని, దారిలో ఎవరు దొరికితే వాళ్లని వెంటబెట్టుకొని రా. మీ అత్త నీళ్లలోకి దిగేదాకా ఒక్కరినీ ఇంటికి పోనివ్వకు.