రాజరత్నం సారుకు చదివిన ఉత్తరాలు

ఆళ్లగడ్డ,
14-8-1979

తమ్ముడు జకరయ్యకు అక్క దానమ్మ ప్రేమతో రాసేదేమంటే, ప్రభువు కృపతో ఈడ అమ్మా నేనూ బాగుండాము. గుంతకల్లులో నువ్వూ బాగుండావనుకుంటాము. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. వాన పడింది, జొన్న మొలిచింది.

“రాజరత్నం సారుకు ఉత్తరాలు చదివిపెడతాండావంట, నాయనను మరిసినావా అక్కా?” అని అడిగినావు. మరవలే. నాయన చర్చి గుడిలో ఆదివారం బడి పాఠాలు చెప్పే కాలంలో, సంఘపెద్దగా ఉన్న ఆ సారు అందరి ముందరా ఏమన్యాడు? “దేవదానానికి పొగరు. వందనాలంటే మారు పలకడు.” ఆ మాటతోనే బడి నుంచి తీసేసిరి. నాయనకు చెవుడని మనింట్లోనే తెలుసు. బయట చెప్పుకునేదానికి సిగ్గుపడె. చచ్చేదాకా మళ్లా గుడి మెట్లెక్కలే.

ఇప్పుడు సారు కండ్లకు పొర కమ్మింది. నంద్యాల నుంచి కొడుకు సుందరం రాసే ఉత్తరాలు నా చేతికిస్తాడు. “నీకు మీ నాయన పొగరు రాలేదు పాపా” అన్యాడొకసారి. ఆ పొద్దే, ఈయనకు తగిన శాస్తి చేయాలని మనసులో గట్టిగా అనుకున్యా.

ఇది నీకింకా తెలీదు. “నాయనా, సోమవారం బస్సుకు రా, కండ్ల ఆపరేషన్ చేయిస్తా” అని సుందరం రాస్తే, “పనులుండాయి, ఇప్పుడు రావద్దు” అని చదివినా. రెండు ఉత్తరాలూ అట్లనే చదివినా. సారు మొగం వాడిపోయింది. ఆ పూట నేను కడుపునిండా తిన్యా.

మొన్న ఆదివారం సుందరమే వచ్చినాడు. గుడి ముందర అందరూ ఉండారు. “రెండు సోమవారాలు బస్టాండులో కాసుకోనుంటి. యేల రాలేదు నాయనా?”

సారు నా పక్క తిరిగినాడు. అర్థమైపోయింది ఆయనకు. అయినా, “నాకే భయమేసిందిలేరా” అన్యాడు.

నన్ను కాపాడతాడంట! ఒళ్లు మండిపోయింది. ఆయన దయ నాకెందుకు?

“నేనే అబద్ధం చదివినా సార్. మా నాయనది పొగరు కాదు, చెవుడు!” అని అరిచినా.

సారు మెట్టు మీద కూలబడినాడు. “చెవుడా? ఒక్క మాట చెప్పింటే…”

“మీరు ఒక్క మాట అడిగింటే?” అన్యా.

సారు కొడుకు చెయ్యి పట్టుకోని లేచినాడు. “తిరిగొచ్చినాక సంఘంలో నా తప్పు ఒప్పుకుంటా పాపా” అన్యాడు. నిన్న కొడుకెంబడి ఆపరేషనుకు పోయినాడు.

నేను క్షమించలే జకరయ్యా. ఆయన తప్పు ఒప్పుకునే పొద్దు ముందు వరసలో కూచుంటా. కొత్తగా చూపొచ్చిన ఆ కండ్లు నా మొగం చూస్తా, నాయన పేరు పలకాల.

ఇట్లు,
దేవదానం బిడ్డ,
నీ అక్క దానమ్మ