సలుపు

1912 జూలై 11, గురువారం. లెస్కాలియే.

మూడు వారాల్లో అప్పన్న చెరకు ఎస్టేటు ఆసుపత్రికి రావడం ఇది మూడోసారి. ఆదివారాలు కుస్తీ పట్టే మనిషి, ఇవాళ కుంటుకుంటూ వచ్చాడు. డాక్టరుగారికి తెలుగు రాదు, అతనికి ఈ దీవిలో మాట్లాడే క్రియోల్ భాష అంతంతమాత్రం. మధ్యలో కాంపౌండరుని నేను. నేను చెప్పిందే రోగం. మునుపు రెండుసార్లూ "కాలు నొప్పి, కుస్తీలో దెబ్బ" అని చెప్పాను. రెండుసార్లూ తైలమిచ్చి పనికి పంపేశారు.

ఈసారి అప్పన్న విసుక్కున్నాడు. "నొప్పి గాదు బాబూ, సలుపు. గోదాలో దిగితే తెల్దు. తొంగుంటేనే ఎముకలోంచి సలుపుతాది."

సలుపు. అమ్మ పోయాక, రెండేళ్లుగా ఆ మాట ఎవరి నోటా వినలేదు. మొన్నా అతను అదే అన్నాడేమో, నాకే వినబడలేదేమో.

"కి లి దిర్?" ఏమంటున్నాడని డాక్టరుగారు అడిగారు. సలుపుకి క్రియోల్‌లో మాట దొరక్క, కదలకుండా పడుకున్నా రాత్రంతా ఎముక లోపల కొట్టుకుంటోందని విడమరిచి చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టి, మోకాలి కింద ఎముక వెంట వేలితో నొక్కుకుంటూ వెళ్లారు. ఒక్కచోట అప్పన్న కేక పెట్టాడు. కండ కాదు, ఎముకే బీటవారి ఉండొచ్చన్నారు. కుస్తీ వద్దు, చెరకు నరకడం వద్దు.

ఇన్నాళ్లూ ఆ కాలి మీద అతన్ని నిలబెట్టింది నేనే...

వెళ్తూ వెళ్తూ అప్పన్న నా మొహంలోకి చూసి, "తమరికెక్కడా సలుపు నేదు గదా బాబూ?" అన్నాడు.

లేదని క్రియోల్‌లో చెప్పాను. తెలుగులో చెప్పడానికి నోరు రాలేదు.