పొక్కులు లేచిన తలుపు

ఆత్మకూరు
1954 ఏప్రిల్ 9, రాత్రి

పొద్దున అనంతసాగరం రామిరెడ్డి మా రంగుల అంగడి ముందు నిలబడి బజారంతా వినేలా అరిచాడు. "ఏందయ్యా శెట్టీ, కల్తీ రంగు అమ్మినావే! కొత్త తలుపు నిండా పొక్కులు లేచినాయి!" గిరాకీకి వచ్చినవాళ్లు చేతిలోని డబ్బాలు కింద పెట్టేశారు. నాయన ముఖం పాలిపోయింది. మా రంగు సంగతి నాకు తెలుసు. అందుకే రెడ్డి బండిలోనే వాళ్లింటికి వెళ్లాను.

తలుపుకు ఎండ తగిలే వైపే పొక్కులున్నాయి. ఒకదాన్ని చాకుతో గీరితే లోపల చెక్క చెమ్మగా ఉంది. పాత ఇంటి నుంచి తెచ్చి బిగించిన కిటికీకీ అదే డబ్బాలోని రంగే వేశారు, అది మాత్రం నున్నగా మెరుస్తోంది.

"ఈ మాను ఎప్పుడు కొట్టించినారు రెడ్డిగారూ?" అన్నాను.

ఆయన భార్య సుబ్బమ్మగారు వాకిట్లోకి వచ్చి చెప్పింది. "పచ్చి మానయ్యా. ఆరనీమంటే వింటేనా? గృహప్రవేశం నాటికి తలుపు ఉండాల్సిందే అన్నాడు."

ఎండకు చెక్కలోని తేమ ఆవిరై రంగును పైకి నెట్టిందని చెప్పాను. పాత రంగు గీకేసి, వేసవంతా తలుపును నీడన ఆరబెట్టి, పలచగా రెండు పూతలు వేస్తే మళ్లీ పొక్కులు లేవవు. దగ్గరుండి నేనే వేయిస్తానన్నాను. రెడ్డి తలూపాడు.

కానీ బజారు విన్నది ఆయన అరుపునే. బయల్దేరే ముందు అడిగేశాను. "తిట్టింది బజార్లో గదా రెడ్డిగారూ, ఈ మాట కూడా అక్కడే చెప్తారా?"

రెడ్డి బండి కట్టడానికి కదిలాడు. సుబ్బమ్మగారే అంది. "సంత నాడు నేనూ వస్తా. ఆయన చెప్పకుంటే నేను చెప్తా."

ఇంటికొచ్చి చెబితే నాయన నమ్మలేదు. రెడ్డి సంగతి నాకూ తెలియదు గానీ, ఆమె వస్తుంది.