‘సూడు’ తప్పు కాదు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు ఊరూరా తిరిగి పోగుచేసిన మన యాస మాటల నిఘంటువును అచ్చుకోసం ఇవాళ కోదాడలో డీటీపీ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఫైల్ తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే.

"ఖరాబైంది మేడమ్" అన్నాడు ఆపరేటర్.

అక్షరాల ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8కి, భాష తెలుగుకి నేనే మార్చాను. నీ మాటలు తెర మీదికొచ్చాయి. అకారాది క్రమంలో పెట్టమని చెప్పి టీ తాగి వచ్చేసరికి ‘సూడు’ను ‘చూడు’ చేసి, ‘చ’ కింద పెట్టేశాడు!

"తప్పులు దిద్దిన మేడమ్."

నాకు ఒళ్లు మండిపోయింది. "తప్పని ఎవరు చెప్పిండ్రు? మీ అమ్మ ఏమంటది?"

"సూడు అనే అంటది."

"మరి మీ అమ్మది తప్పా?"

అతను అన్నీ వెనక్కి మార్చాడు. సద్ది, సల్ల, సూడు, సేను. అచ్చయిన ఆ పేజీని అక్కడే నిలబడి గట్టిగా చదివాను. షాపులో అందరూ నావైపే చూశారు.

సూడనీ, అక్కా.